తెలుగు రాయుడి గుడి



ధనుర్మాసం నడుస్తోంది. మా చల్లపల్లి చుట్టుపక్కల ఈపాటికి వరి కోతలయిపోయి, కుప్పలు పడి, మాగాణుల్లో మినుము మొలకెత్తి ఉంటుంది. తెల్లారగట్ల మంచు దిగుతుంటే ఏ ఊరి గుడి మైకులోంచి అయినా తిరుప్పావై వినిపిస్తుంది. నా చిన్నతనంలో ఇన్ని మైకులు లేవు. మాకు తిరుప్పావై అంటే బెజవాడ రేడియో కేంద్రం వారి భక్తిరంజనే. పొయ్యి దగ్గర కూర్చుని అది వింటూ మా నాయనమ్మ ఏటా ఒకే మాట అనేది. "పిల్లదేమో విల్లిపుత్తూరుది. పెళ్ళికొడుకేమో శ్రీరంగంలో ఉన్నాడు. ఆ పెళ్ళి కథ తెలుగులో చెప్పించినవాడు మాత్రం మన శ్రీకాకుళం స్వామి!" మా మేనమామ గారి ఘనకార్యం చెప్పినంత గర్వంగా చెప్పేది. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇవాళ మీతో చెప్పబోయేది ఆ స్వామి గుడి గురించే.

శ్రీకాకుళం అనగానే చాలామందికి అరసవల్లి సూర్యదేవాలయం ఉన్న ఉత్తరాంధ్ర పట్నం గుర్తుకొస్తుంది. అది వేరు. నేను చెప్పేది కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. బెజవాడ నుంచి కరకట్ట వెంట నదితో పాటే దిగువకు వస్తే తగిలే పల్లె. ఒక పక్క కట్ట, కట్టకవతల లంక భూములు, ఇవతల అరటి, చెరకు, పసుపు తోటలు. ఊళ్ళోకి వచ్చేదాకా ఇక్కడ ఇంత పేరున్న గుడి ఉందని ఎవరికీ తోచదు. లోపల కొలువైనవాడు ఆంధ్ర మహావిష్ణువు. అమ్మవారు రాజ్యలక్ష్మి.

దేవుడికి ఊరి పేరు ఉండటం మనకు కొత్త కాదు. తిరుపతి వెంకన్న అంటాం, సింహాద్రి అప్పన్న అంటాం. కానీ ఒక జాతి పేరే తన పేరైన దేవుడు ఈయన. ఆంధ్ర విష్ణువు, ఆంధ్ర నాయకుడు, తెలుగు వల్లభుడు. ఈ పేరు ఎలా వచ్చిందని అడిగితే ఊళ్ళో పెద్దవాళ్ళు ఒక కథ చెబుతారు. ఆంధ్ర విష్ణువు అనే రాజు ఒకడు ఈ దేశాన్ని ఏలాడట. నిశుంభుడనే రాక్షసుణ్ణి చంపాడట. శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరం, మహేంద్రగిరి కలిసేలా దేశం చుట్టూ పెద్ద గోడ కట్టించాడట. పోయాక ఆ రాజునే విష్ణువుగా కొలిచారట. శాతవాహనుల తొలి రాజధాని కూడా ఇదేనని మా వైపు గట్టిగా నమ్ముతారు. చరిత్రకారులంతా ఒప్పుకున్న మాట కాదది. అయితే ఈ నేల పాతదనానికి మాత్రం అనుమానం లేదు. పక్కనే ఉన్న ఘంటసాలలో బౌద్ధ స్తూపం బయటపడింది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ రచయిత టాలెమీ ఈ తీరంలో కంటకోసిల అనే రేవుపట్నాన్ని పేర్కొన్నాడు. అది ఘంటసాలేనని పండితుల మాట. పడవలు, వర్తకులు, భిక్షువులు తిరిగిన చోటన్నమాట. తర్వాత సముద్రం వెనక్కి జరిగింది, రేవు పూడింది, పొలాలు మిగిలాయి.

గుడి పేరు కృష్ణదేవరాయలవారికి ముందే దూరదూరాలకు తెలుసు. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఉంది. అది ఓరుగల్లు వీధుల్లో నడిచే కథ. ఆ ఓరుగల్లు కథలో కూడా శ్రీకాకుళం తిరునాళ్ళ మాట వస్తుంది. అక్కడి జనసమ్మర్దం గురించి, ఆ సందట్లో జరిగే చాటుమాటు వ్యవహారాల గురించి కొంటెగా చెబుతాడు కవి. ఆ కావ్యాన్ని పరిష్కరించినవారిలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఒకరు. వారు 1888లో పుట్టిన ఊరు పెదకళ్ళేపల్లి, ఇదే దివిసీమ ప్రాంతం. ఆ పద్యం కంటపడ్డప్పుడు శాస్త్రిగారికి తమ ఇంటి పక్క తిరునాళ్ళే కళ్ళకు కట్టి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఇక రాయలవారి సంగతికి వద్దాం.

కృష్ణదేవరాయలు కళింగ గజపతి మీదికి దండెత్తి వచ్చిన రోజులు. 1513లో ఉదయగిరిని ముట్టడించాడు. 1515లో కొండవీడు చిక్కింది. తర్వాత కృష్ణ దాటాడు. 1516 నాటికి సింహాచలంలో శాసనం వేయించాడు. ఈ నడుమ కొన్నాళ్ళు బెజవాడలో విడిది చేసి, అక్కణ్ణుంచి ఆంధ్ర విష్ణువు దర్శనానికి శ్రీకాకుళం వచ్చాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే చెప్పుకున్నాడు. ఇది రాతి శాసనం చెప్పిన మాట కాదు, కవి తన కావ్యంలో చెప్పిన మాట. కానీ కవి తానే రాజైనప్పుడు, బెజవాడ నుంచి శ్రీకాకుళం దాకా దారి కూడా తప్పకుండా చెప్పినప్పుడు, కాదనడానికి నాకు మనసొప్పదు.

వచ్చిన రోజు ఏకాదశి. హరివాసరం. రాజు ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున కల వచ్చింది. మబ్బును మించిన చామనచాయ మేనితో, పక్కన లక్ష్మీదేవితో స్వామి కనిపించాడు. ఇక్కడ జరిగిన సంభాషణ మన సాహిత్యంలో చాలా ముచ్చటైనది. వినండి.

స్వామి మొదట, రాయలు అంతకుముందు రాసిన పుస్తకాల పేర్లు వరసగా ఏకరువు పెట్టాడు. మదాలస చరిత్ర, సత్యావధూప్రీణనం, సకలకథాసార సంగ్రహం, రసమంజరి. అన్నీ సంస్కృతం. అన్నీ చదివానన్నట్టు మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, అంతటి సంస్కృతం రాయగలవాడికి తెలుగులో ఒక కావ్యం చెప్పడం కష్టమా, నా కోసం ఒకటి చెప్పు అన్నాడు. ఏం చెప్పాలి? గోదాదేవి పెళ్ళి చెప్పాలి. ఎందుకని? ఆ కారణం కూడా స్వామే చెప్పాడు. వెనక కృష్ణావతారంలో మధురలో ఒక మగవాడు దండ ఇస్తే వేసుకున్నానయ్యా, ఆ లోటు ఇంకా ఉండిపోయింది. తన మెడలో వేసుకుని తీసిన దండ నాకిచ్చిన ఆ పిల్ల కథ చెబితే గాని అది తీరదు అన్నాడు. ఎంత గోముగా అడిగాడో చూడండి. చక్రవర్తి ముందు నిలబడి ఒక దేవుడు తన మనసులోని వెలితి చెప్పుకున్నాడు. అక్కడే తనను తెలుగు రాయుడని చెప్పుకుని, ఎదుటి రాజును కన్నడ రాయా అని పిలిచాడు. ఇద్దరు రాయలు సాటికి సాటిగా మాట్లాడుకున్నట్టు ఉంటుంది.

తెలుగే ఎందుకు అంటే స్వామి చెప్పిన జవాబు మనందరికీ కంఠతా వచ్చిన పద్యం. 'దేశభాషలందు తెలుగు లెస్స' అన్న దాని చివరి పాదాన్ని మనం గోడల మీదా సభావేదికల మీదా రాసుకుని, మొదటి పాదాల్ని మరచిపోయాం. అందులో స్వామి గొప్ప చెప్పుకోవడానికి ముందు ఒక మామూలు కారణం చెబుతాడు. ఇది తెలుగు దేశం, నేను తెలుగువాణ్ణి, అందుకని. అంతే కాదు, నీ కొలువుకు వచ్చే రాజులందరితో నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు గదా, నీకు తెలియదా అని రాజునే అడుగుతాడు. భాష మంచిచెడ్డలు మాట్లాడేవాడికి తెలియాలి గాని ఇంకెవరికి తెలుస్తాయి? నాకు ఆ పద్యంలో అన్నిటికంటె నచ్చేది ఈ ప్రశ్న.

ఇంకో మాట కూడా అన్నాడు. కావ్యాన్ని నాకివ్వక్కర్లేదు, నీ ఇష్టదైవం వేంకటేశ్వరుడికే అంకితమియ్యి, పేర్లలో తేడా తప్ప ఆయనా నేనూ ఒకటే అన్నాడు. అడిగినవాడు ఈయన, పుచ్చుకున్నవాడు ఆయన. రాయలు మేలుకుని, ఆలయ విమానం వైపు తిరిగి మొక్కి, పొద్దున్నే పండితుల్ని పిలిచి కల చెప్పాడు. వాళ్ళు ఫలం చెప్పారు. తర్వాత ఆ కావ్యం పుట్టింది. కథ విల్లిపుత్తూరుది. కానీ గోదాదేవి పెంపుడు తండ్రి విష్ణుచిత్తుడు ముసురు పట్టిన రోజున అతిథులకు వడ్డించిన విస్తరి చూడండి. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియాలు, నెయ్యి, పెరుగు. మా కృష్ణా జిల్లా ఇళ్ళల్లో ఆషాఢం ముసుర్లో వేసే విస్తరికీ దానికీ తేడా నాకు కనిపించదు. స్వామి మాట అక్షరాలా చెల్లించాడు రాయలు.

శ్రీకాకుళం గుడి ఆవరణలో రాయలవారి పేర మండపం ఉంది. ఆముక్తమాల్యదకు పునాది పడింది ఇక్కడేనని ఊరివాళ్ళు వచ్చినవాళ్ళకు వేలు పెట్టి చూపిస్తారు. ఆ మండపం కింద కూర్చుంటే అక్కడ చల్లగా ఉంటుంది. బళ్ళోంచి వచ్చిన పిల్లలు స్తంభాల చుట్టూ పరుగెత్తుతుంటారు.

రాయలు వెళ్ళిపోయాడు. విజయనగరం పోయింది, గోలకొండ వచ్చింది, పోయింది, కుంపిణీ వచ్చింది. ఈ గుడి భారం దేవరకోట సంస్థానం మీద పడింది. దేవరకోట అంటే మా చల్లపల్లే. యార్లగడ్డవారు జమీందార్లు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి, పెదకళ్ళేపల్లి నాగేశ్వరుడికి, ఈ ఆంధ్ర విష్ణువుకు వాళ్ళే వంశపారంపర్య ధర్మకర్తలు. సంస్థానం బాగున్నప్పుడు ఉత్సవాలు బాగున్నాయి. చూసేవాళ్ళు చూడనప్పుడు గుడి పాడుపడింది. సుమారు రెండు వందల ఏళ్ళ క్రితం అలా పాడుపడ్డ రోజుల్లోనే ఈ గుడికి రెండో కవి దొరికాడు. రాయలకన్నా ఆయనే నాకు దగ్గరివాడు.

ఆయన పేరు కాసుల పురుషోత్తమ కవి. మోపిదేవి దగ్గర పెదప్రోలు వారి ఊరు. కులానికి భట్రాజు. భట్రాజుల వృత్తి ఏమిటో మీకు తెలుసు. ప్రభువుల వంశాన్ని, దానాన్ని, యుద్ధాల్ని పొగిడి బతకడం. తరతరాలుగా పొగడ్తే కూడు పెట్టిన ఇంట్లో పుట్టినవాడు, గుడికి వచ్చి, పాడుపడ్డ ఆ స్థితి చూసి, దేవుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. అదే ఆంధ్రనాయక శతకం. నూరు పైచిలుకు సీసపద్యాలు. నిందాస్తుతి అంటారు దాన్ని.

ఎలా తిట్టాడంటారా? ఒక పద్యం సారాంశం నా మాటల్లో చెబుతాను. అయ్యా, నీ ఇల్లు గడిచేదంతా నీ వాళ్ళ వల్లే గదా. ఒక భార్య భూదేవి లోకం బరువంతా మోసి నీకు అన్నీ మోసేవాడివన్న పేరు తెచ్చింది. ఇంకో భార్య లక్ష్మి సంపద ఇచ్చి నీకు దాతవన్న పేరు తెచ్చింది. కొడుకు బ్రహ్మ సృష్టి చేసి నీకు పెద్ద కుటుంబీకుడివన్న పేరు తెచ్చాడు. నీ కూతురు గంగ జనం పాపాలు కడిగి నీకు పతితపావనుడివన్న పేరు తెచ్చింది. ఇందులో నీ సొంత గొప్ప ఏముంది? ఊళ్ళో పెళ్ళాం పిల్లల సంపాదన మీద పెద్దమనిషిగా తిరిగే ఇంటాయన్ని నలుగురూ ఎలా ఆడుకుంటారో, అలా ఆడుకున్నాడు కవి. ప్రతి పద్యం చివరా మాత్రం మళ్ళీ ఆయన మాహాత్మ్యం చిత్రాతిచిత్రమని, శత్రువుల పాలిటి మృత్యువని శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి నోరారా పిలుస్తాడు. పైన ఎంత తిట్టినా మకుటం దగ్గరికి వచ్చేసరికి గొంతు కరిగిపోతుంది. సీసం పెద్ద నడక. నాలుగు పాదాలూ దెప్పుతూ దెప్పుతూ వచ్చి, ఎత్తుగీతి చివర ఒక్కసారిగా కాళ్ళ మీద పడటం. చదువుకునే పద్యం కాదు, గొంతెత్తి పాడుకునే పద్యం.

ఈ పద్యాలు ఆ నోటా ఈ నోటా చల్లపల్లి దొరవారి చెవిన పడ్డాయని, గుడికి మళ్ళీ పూజలూ పునస్కారాలూ వచ్చాయని మా వైపు చెప్పుకుంటారు. కవి తిట్టింది దేవుణ్ణే. తగిలింది ధర్మకర్తకు. నిందాస్తుతికి ఉన్న బలం అదే. ధర్మకర్తను నేరుగా అడిగితే ఒకడి మీద ఒకడు చెప్పుకుంటారు. దేవుణ్ణి అడిగితే సభలో అందరూ తలవంచుకుంటారు.

పురుషోత్తమ కవి అక్కడితో ఆగలేదు. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న హంసలదీవి వేణుగోపాలుడి మీద కూడా శతకం చెప్పాడు. ఈ ప్రాంతంలో ఏ దేవుడికైనా ఒక కవి ఉన్నాడని అనిపిస్తుంది నాకు. మొవ్వ గోపాలుడికి క్షేత్రయ్య ఉన్నాడు. కూచిపూడి భాగవతులకు సిద్ధేంద్రయోగి ఉన్నాడు. వాళ్ళ ఆట చూసి గోలకొండ తానీషా 1678లో ఆ ఊరినే అగ్రహారంగా ఇచ్చాడు. ఈ ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి రాగలిగినంత దగ్గర. క్షేత్రయ్య పదాల్లో నాయిక గోపాలుణ్ణి ఎంత నిలదీస్తుందో, భామాకలాపంలో సత్యభామ ఎంత అలుగుతుందో తలచుకోండి. పురుషోత్తమ కవి తిట్లు దానికి దూరమా? మా నేలలో దేవుడితో మాట్లాడే పద్ధతే అది. అలిగి మాట్లాడతాం, దెప్పి మాట్లాడతాం, ఏమయ్యా అని పిలిచి మాట్లాడతాం. మా నాయనమ్మ కూడా, వాన రాకపోయినా, గొడ్డు చూలు నిలవకపోయినా, ముందు ఆ తెలుగు రాయుణ్ణే నాలుగు మాటలు అని, తర్వాత దీపం పెట్టేది.

పాత గుడి అంటే రాయీ విగ్రహమూ మాత్రమే కాదు. దాని వెనక ఒక ఊరంతా పనిచేసేది. అర్చకులతో పాటు వంట స్వాములు, నాదస్వరం, డోలు వాయించే మేళగాళ్ళు, వాహనం మోసే బోయీలు, రాత్రి ఊరేగింపుకు కాగడాలు పట్టే చాకళ్ళు, ప్రసాదానికి కొత్త కుండలిచ్చే కుమ్మరి, పూలు తెచ్చే తోటమాలి. ఒక్కొక్కరికి ఇంత మాన్యమని పొలం ఉండేది. పాటకూ ఆటకూ అంకితమైన ఆడవాళ్ళుండేవాళ్ళు. వాళ్ళ కళను లోకం మెచ్చుకుంది, వాళ్ళ బతుకును మెచ్చుకోలేదు. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆ అంకితాన్ని ఆపింది. మరుసటి ఏడు, 1948లో, ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీలు పోయాయి. అది మంచికే. మా చల్లపల్లి రైతులు భూమి కోసం ఎంత పోరాడారో ఆ తరం వాళ్ళకు తెలుసు. కానీ జమీతో పాటు గుడిని నడిపే పాత కట్టుబాట్లూ సడలాయి. మాన్యాలు కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని చేతులు మారాయి. 1987లో వచ్చిన దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులు కూడా తీసేసింది. ఆ చట్టం మీద సుప్రీంకోర్టు దాకా వాదాలు నడిచాయి. 2007లో సవరణ వచ్చి పాత అర్చక కుటుంబాలకు కొంత ఊరట దొరికింది.

నన్నడిగితే ఒక మాట మనవి చేస్తాను. మా డెల్టాలో ఇలాంటి గుళ్ళు ఎన్నో ఉన్నాయి. బాగు చేయాలన్న ఉత్సాహంతో పాత రాతి స్తంభాలకు ఆయిలు పెయింటు పూస్తున్నారు, నేల మీది పాత రాళ్ళు తీసి టైల్సు పరుస్తున్నారు. భక్తి లేక కాదు, ఉండే చేస్తున్నారు. అయినా చెబుతున్నాను, మీ ఊరి గుడి గోడ మీద పాతకాలపు అక్షరాలేవైనా కనబడితే దయచేసి వాటి మీద సున్నం కొట్టించకండి. ఫలానా ఊరి ఫలానా ఆసామి స్వామికి అఖండ దీపానికి గొర్రెలనిచ్చాడనో, పుట్టెడు భూమి ఇచ్చాడనో అందులో ఉంటుంది. ఆసామి పోయాడు, భూమి పోయింది, దీపం ఆరింది. ఆ నాలుగు పంక్తులు మాత్రమే మిగిలాయి. వాటినీ మన చేత్తో చెరిపేస్తే ఇంకెవరూ చదవలేరు.

మళ్ళీ ధనుర్మాసానికి వస్తాను. ఏ విష్ణ్వాలయంలోనైనా ఈ నెల రోజులూ తెల్లవారుజామున తిరుప్పావై, వేడి వేడి పొంగలి ప్రసాదం, నెలాఖరున భోగినాడు గోదా కల్యాణం ఉంటాయి. శ్రీకాకుళంలో గోదా కల్యాణం జరుగుతుంటే నాకు మాత్రం వేరుగా ఉంటుంది. తన పెళ్ళి కథ చెప్పమని అడిగిన పెళ్ళికొడుకు ఎదురుగా ఉంటాడు గదా.

ఒక భోగి సాయంకాలం నేను అక్కడ ఉన్నాను. కల్యాణం అయింది. తలంబ్రాలు పంచుతున్నారు. అర్చకులు హారతి వెలిగించి పళ్ళెం ఎత్తబోతుండగా, జనంలోంచి పంచె, పైన తువ్వాలు వేసుకున్న ఒక ముసలి రైతు గొంతు సవరించుకున్నాడు. పురుషోత్తమ కవి సీసం ఎత్తుకున్నాడు. రాగం తీసి, నిదానంగా, ఎక్కడా తడబడకుండా. ఆడపిల్లలు నవ్వు ఆపుకుంటున్నారు, ఎందుకంటే అవి తిట్లే. నాలుగు పాదాలూ అయ్యాయి. ఆయన ఎత్తుగీతిలోకి దిగాడు. పళ్ళెంలో కర్పూరం కొడిగడుతోంది. అర్చకులు పళ్ళెం అలాగే పట్టుకుని, కన్నెత్తి చూడకుండా, ఇంకో బిళ్ళ వేశారు. మకుటం పూర్తయింది. అప్పుడు గంట కొట్టి హారతి ఇచ్చారు.